ఖాళీ చీటీ

జనవరి 3, శుక్రవారం

ఈ నోటుబుక్కు కారు అరలోనే ఉంటుంది. ఇంట్లో పెడితే ఎవరో ఒకరు తీసి దాని మీద కూరగాయల జాబితా రాసేస్తారు. వాళ్ల తప్పేం లేదు, నాదీ నీదీ అనే మాట ఇంట్లో వినపడకూడదని అందరం కలిసి అనుకున్నదే. గదులకు తాళాల్లేవు, ఫ్రిజ్‌లో డబ్బాల మీద పేర్లు లేవు, బాత్‌రూములో దువ్వెన ఎవరి చేతికొస్తే వాళ్లది. అందుకని నేను పని చేసే ముసలివాళ్ల నర్సింగ్‌హోమ్ కార్ పార్కులో, డ్యూటీకి అరగంట ముందు వచ్చి, స్టీరింగు మీద పెట్టుకుని రాస్తున్నాను. నాకేదో బాధ ఉండి కాదు. ఊరికే.

మొన్న కొత్త సంవత్సరం ప్రార్థనలో తీసిన బైబిలు వాగ్దాన కార్డుల్లో నాకు మళ్లీ ఓపిక గురించే వచ్చింది. వరసగా నాలుగో ఏడు. మాతోనే ఉండే జీవరత్నం ఆంటీకి ఏటా ఆశీర్వాదాలే. కార్డు తీసే ముందు ఆవిడ పళ్లెంలో చెయ్యి పెట్టి అటూ ఇటూ కలుపుతుంది. నేను చూడలేదనుకుంటుంది.

జనవరి 8

ఎవాంజెలిన్ ఉల్లిపాయలు తరుగుతూ అడిగింది. "లీలక్కా, పదిహేడో తారీకున మళ్లీ నా సంగతి తీస్తారు కదా."

తీస్తారన్నాను.

"మీరు నర్సు కదా. మీకేమనిపిస్తుందో చెప్పండి."

"మన చేతిలో ఏముందే, దేవుడి సమయం" అన్నాను. అని చపాతీపిండి కలపడం మొదలుపెట్టాను. ఆ పూట అందరికీ అన్నం. పిండి ముద్ద అయ్యాక గాని గుర్తు రాలేదు.

దేవుడి సమయం సంగతేమో గాని, ఇక్కడ ఐర్లండు ప్రభుత్వానికి ఒక సమయం ఉంది. ఎవాంజెలిన్‌కీ జెర్రీకీ పెళ్లై పదకొండేళ్లు, పిల్లల్లేరు. పిల్లల కోసం చేసే వైద్యం ప్రభుత్వమే చేయిస్తుంది, కాకపోతే ఆడమనిషికి నలభై ఒకటి నిండే లోపల ఇంటి దగ్గరి డాక్టరు, జీపీ నుంచి ఆస్పత్రికి ఉత్తరం వెళ్లాలి. ఎవాంజెలిన్‌కి ఏప్రిల్ పదకొండున నలభై ఒకటి నిండుతాయి. అంటే పదో తారీకు ఆఖరు. ఈ లెక్క మా ఇంట్లో అందరికన్నా బాగా తెలిసినదాన్ని నేనే.

జనవరి 17, శుక్రవారం

ఎవాంజెలిన్ వైద్యానికి వెళ్లొచ్చా అని అడిగితే ఖాళీ వచ్చింది. డిసెంబరులోనూ ఖాళీయే. ఇది రెండోసారి.

ఈ చీటీల పద్ధతి పుట్టించింది మా ఆయన స్తెఫను. ఇంటి యజమానురాలు హెల్గా జర్మను మనిషి, గేటు పక్క చిన్న ఇంట్లో ఉంటుంది. నలభై ఏళ్ల కింద స్నేహితులతో కలిసి ఉమ్మడిగా బతుకుదామని ఈ క్లేరు జిల్లాకి వచ్చి ఈ పెద్ద ఇల్లు కొందట. స్నేహితులందరూ పోయారు, ఆవిడా ఆవిడ పుస్తకాలూ మిగిలాయి. ఆ పుస్తకాలు మేం ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడే ఈయనకి ఇచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో భోజనాల దగ్గర జర్మనులే జర్మనులు. ఓడలెక్కి అమెరికా పోయారట, అడవి కొట్టి అయోవాలో ఏడు ఊళ్లు కట్టారట, ఊరంతటికీ కలిపి వంటిళ్లు, కలిపి పొలాలు, డెబ్బై ఏళ్లకు పైన అలా బతికారట. పెన్సిల్వేనియాలో ఇంకో జర్మను గుంపు ఏ పెద్ద నిర్ణయమైనా చీటీ తీసి దేవుణ్ణే అడిగేదట. అవును, కాదు, ఖాళీ. ఖాళీ అంటే ఆగమని.

"మనం ఏడాదికోసారి కార్డు తీసుకోవట్లేదా? వాళ్లు అవసరమైనప్పుడల్లా తీసుకున్నారు, అంతే తేడా" అన్నారు ఈయన. చిన్నప్పటి నుంచీ వాగ్దాన కార్డుల్లో చెయ్యి పెట్టి పెరిగినవాళ్లం, మాకెవరికీ అది వింతగా తోచలేదు.

చీటీలు రాసేది నేను, అక్షరం గుండ్రంగా ఉంటుందని. తీసేది మా ప్రెయిస్, ఇంట్లో అందరికన్నా చిన్నదని. పదిహేనేళ్లు దానికి. "కపటం లేని చెయ్యి" అంటారు ఈయన. అది కళ్లు మూసుకుని బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెడుతుంది. ఖాళీ వస్తే ఆరు వారాల దాకా మళ్లీ అడగకూడదు.

ఎవాంజెలిన్ "స్తోత్రం" అని లేచి అందరికీ టీ పెట్టింది. జెర్రీ టీ తాగలేదు.

జనవరి 19

నేను ఏమీ అనలేదు. అనడానికి నేనెవరిని.

జనవరి 21

నాలుగేళ్ల కింద షానన్‌లో ఈయన పని చేసే ఫ్యాక్టరీలో ఒక సెక్షన్ ఎత్తేశారు. ఆ ఏడాదంతా ఈయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. స్నానం చెయ్యమంటే చేసేవారు, తినమంటే తినేవారు, అంతే. నేను డ్యూటీ నుంచి వచ్చి ముందు ఊపిరి ఆడుతోందా అని చూసేదాన్ని. తర్వాత హెల్గా ఇల్లు దొరికింది, ఈ ఆలోచన దొరికింది, మనిషి లేచాడు. కొత్త పని కూడా చూసుకున్నారు. ఇప్పుడు పొద్దున్నే పాట పాడుతూ బంగాళాదుంపల మడులకు నీళ్లు పెడతారు. ఐర్లండులో మడులకు నీళ్లు పెట్టే మనిషి ఈయనొక్కరే.

మొదట్లో జయశ్రీ వాళ్లు కూడా ఉండేవారు. వాళ్లకి బాబు పుట్టిన ఐదో నెలలో, పిల్లాడికి వేరే గది కావాలి, వేరే వంట కావాలి అని గాల్వే వెళ్లిపోయారు. ఈయన మూడు వారాలు పడుకున్నారు.

ఎవాంజెలిన్‌కి బిడ్డ పుడితే వాళ్లూ వెళ్తారు. మిగిలేది మేము ముగ్గురం, జీవరత్నం ఆంటీ. దాన్ని ఉమ్మడి బతుకు అనరు, అద్దె ఇల్లు అంటారు.

ఇది రాసుకోవడానికి రాశాను. దీనికీ చీటీకీ సంబంధం లేదు.

జనవరి 28

తుఫానుకి నాలుగు రోజులు కరెంటు లేదు. మధ్యాహ్నాలు అందరం హెల్గా ఇంట్లో కట్టెల పొయ్యి చుట్టూ కూర్చున్నాం. ఆవిడ ముత్తవ్వ చెల్లెలు ఒకావిడ ఆ అయోవా ఊళ్లలో ఉండేదట, ఆవిడ రాసిన ఉత్తరం తీసి చూపించింది. ఆ ఊళ్లలో పెళ్లి చేసుకుంటే భక్తిలో ఒక మెట్టు దిగినట్టు, బిడ్డను కంటే ఇంకో మెట్టు దిగినట్టు. బిడ్డ పుట్టగానే ఆవిణ్ణి గుళ్లో చిన్నపిల్లల వరసలో కూర్చోబెట్టారు. ఆ బెంచీ మీద కాళ్లు నేలకు ఆనేది నాకొక్కదానికే అని అక్కకు రాసింది.

ఈయన మీసం నిమురుకుంటూ "కట్టుబాటంటే అలా ఉండాలి" అన్నారు.

ఎవాంజెలిన్ నెమ్మదిగా అంది. "ఆవిడ బిడ్డతోనే కూర్చుంది కదన్నా. నన్ను ఏ బెంచీ మీద కూర్చోబెట్టినా నేను కూర్చుంటా."

నేను లేచి కడిగిన కప్పులే మళ్లీ కడిగాను. హెల్గా నా పక్కకొచ్చి ఇంగ్లీషులో మెల్లిగా చెప్పింది. పెన్సిల్వేనియా వాళ్లు పెళ్లిళ్లకు చీటీ తీసి తీరాలన్న నియమాన్ని 1818లోనే వదులుకున్నారట, అమెరికాలో పెరిగిన పిల్లలు ఇక మా వల్ల కాదన్నారట. "స్టెఫాన్ ఆ పేజీ దాకా రాలేదా?" అని అడిగింది.

చెప్తానన్నాను. చెప్పలేదు.

ఫిబ్రవరి 6

ఇవాళ సెలవు. వంటింట్లో ప్రెస్‌లు, అంటే అల్మారాలన్నీ ఖాళీ చేసి తుడిచి సర్దాను. మధ్యాహ్నం మళ్లీ తీసి, పప్పులు పైకీ పిండ్లు కిందకీ మార్చాను. సాయంత్రం జీవరత్నం ఆంటీ కందిపప్పు దొరక్క కేకలు. "ఏం పట్టిందే లీలా నీకు, పిల్లి పిల్లల్ని మార్చినట్టు?" అంది. నాకేం పట్టలేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఖాళీ. మూడోసారి.

ఎవాంజెలిన్ మోకాళ్ల మీద కూర్చుని, ఆగమన్నందుకు దేవుడికి వందనాలు చెప్పింది. గొంతు వణకలేదు. జెర్రీ చెత్తడబ్బా బయట పెడతానని వెళ్లాడు. చెత్తబండి వచ్చేది మంగళవారం. గంటసేపు వానలో ఏం చేశాడో.

మళ్లీ ఆరు వారాలంటే ఏప్రిల్ పదకొండు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను, ఫోన్‌లో చూశాను, నర్సింగ్‌హోమ్‌లో గోడ క్యాలెండరు కూడా చూశాను. పదకొండే.

మార్చి 2

ఎవాంజెలిన్ నన్ను బట్టలారేసే గదిలోకి పిలిచింది. "అక్కా, ఈసారి పదకొండున వస్తుంది. పదిలోపల ఉత్తరం వెళ్లకపోతే నా పేరు తీసుకోరు. ఒక్క వారం ముందు తియ్యమని స్తెఫనన్నని అడగరా? నేనడిగితే ఆశ పడుతున్నానని అనుకుంటారు."

"ఆశ పడితే తప్పేంటే" అన్నాను. నోటి నుంచి అలా వచ్చేసింది.

అడుగుతానన్నాను.

మార్చి 3

అడగలేదు. ఈయన అలసిపోయి వచ్చారు.

మార్చి 5

ఈయన అలసిపోలేదు. అడగలేదు.

మార్చి 9

"అడిగారా అక్కా?"

"చూద్దాం అన్నారు" అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు, అడిగితే అలాగే అంటారు.

మార్చి 13, గురువారం

ఇవాళ్టిది మాట మాటగా రాస్తాను.

పొద్దున ప్రెయిస్‌ని కారులో స్కూలుకి దింపుతున్నాను. డబ్బాలో చీటీలు తుఫాను చెమ్మకి బూజు పట్టాయి, కొత్త అట్ట కత్తిరించాలి అని ఏదో మాటకి అన్నాను. అది ఫోన్‌లో చూసుకుంటూ, తలెత్తకుండా, "సేమ్ బైరో వాడు మమ్" అంది. బైరో అంటే బాల్‌పెన్ను.

"ఏ పెన్నయితే ఏం?"

"మార్కర్ అయితే నాకు తెలీదు కదా."

ఏం తెలీదు అన్నాను. అది నా వైపు చూసింది. మిగతాదంతా ఇంగ్లీషులోనే చెప్పింది, నేను తెలుగులో రాసుకుంటున్నాను. నువ్వు గట్టిగా నొక్కి రాస్తావు. అట్ట మీద గాడి పడుతుంది. రెండు అక్షరాలుంటే కాదు, మూడుంటే అవును, నున్నగా ఉంటే ఖాళీ. వేలితో చదవొచ్చు.

నిజమే. గుంటూరులో ట్రైనింగప్పుడు మందుల చిట్టా మూడు కార్బను కాయితాల కింద దాకా దిగాలని, పెన్ను నొక్కించి రాయించింది మా సిస్టర్. ముప్పై ఏళ్లయినా ఆ చెయ్యి మారలేదు.

"అయితే అన్నీ నువ్వే తీశావా?"

"అన్నీ కాదు. ఫస్ట్‌ది నిజంగానే తెలీకుండా తీశా." కాసేపు ఆలోచించింది. "లేదు, అది కూడా నేనే." ఈ ఇల్లు తీసుకోవాలా వద్దా అన్న చీటీ అది. హెల్గాకి అప్పుడు కుక్క ఉండేది, దానికి ఆ కుక్క నచ్చింది. గదుల్లో విడిగా స్టవ్వు పెట్టుకోవచ్చా అంటే కాదు అని తీసింది, ఆంటీ వరండాలో ఎండుచేపలు వేయిస్తుందని.

రోడ్డు పక్కన గేటు ముందు కారు ఆపాను. వెనకనున్న ట్రాక్టరువాడు చెయ్యూపి చుట్టూ తిరిగి పోయాడు.

"మరి ఎవాంజెలిన్ ఆంటీవి మూడు సార్లూ?"

"మమ్, యూ సెడ్." దాని కళ్లలో నీళ్లొచ్చాయి. "సింక్ దగ్గర నువ్వే అన్నావు. ఆమెకి బేబీ వస్తే ఈ ఇల్లు అయిపోయినట్టే, డాడీ మళ్లీ పడుకుంటాడు అని. ఐ థాట్ యూ వర్ టెల్లింగ్ మీ."

"మరి కాదు అనే తియ్యొచ్చుగా?"

"కాదు అంటే ఆమె ఏడుస్తుంది. ఆగు అంటే ఏడవదు."

స్కూలుకి ఆలస్యమైంది. గేటు దగ్గర దిగి, కిటికీలోంచి తొంగిచూసి, "ఆర్ యూ గ్రాండ్?" అంది. బాగానే ఉన్నానని, గ్రాండ్ అన్నాను.

మార్చి 14

ఒక ముసలాయనకి రెండుసార్లు బీపీ చూశాను. ఇంకొకాయనకి చూడనే లేదు.

మార్చి 16

నేను అలా అనలేదు. అన్నా, దానితో అనలేదు. నాలో నేను అనుకున్నాను, అది పక్కనే గిన్నెలు తుడుస్తోంది.

మార్చి 17

అన్నాను. డిసెంబరు మొదటివారంలో. గిన్నె చేతిలో పెట్టుకుని, దాని వైపు తిరిగి, దాని మొహంలోకి చూసి అన్నాను. అది తలూపింది కూడా. చీటీ తీసే రోజుకి రెండు రోజుల ముందు.

మూడుసార్లు ఖాళీ వచ్చినప్పుడు నాకు కలిగింది దిగులు కాదు. ఇప్పటి దాకా దిగులన్నట్టే రాసుకుంటూ వచ్చాను. హాయిగా అనిపించింది. ఆ రాత్రుళ్లు నాకు బాగా నిద్ర పట్టింది.

మార్చి 20

దారి దొరికింది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

ఈయన్ని అడిగాను, ఒక వారం ముందు తీద్దామా, ఎవాంజెలిన్‌కి గడువుంది అని. ఈయన బూట్లు విప్పుకుంటూ వెంటనే సరేనన్నారు. "ఏప్రిల్ నాలుగున తీద్దాం. ఇంత చిన్నదానికి ఇన్నాళ్లు అడగకుండా ఎందుకున్నావు లీలా?"

మర్చిపోయానన్నాను.

నాలుగున ప్రెయిస్ అవును తీస్తుంది. ఏడున జీపీ. అంతా సర్దుకుంటుంది. ఎవాంజెలిన్ దేవుడికి వందనాలు చెప్పుకుంటుంది. ఆయనకి చెప్పుకుంటే నష్టమేముంది.

మార్చి 23

ప్రెయిస్‌కి చెప్పాను. గుడి నుంచి వచ్చేటప్పుడు, కారులో, ఆంటీ వెనకసీట్లో కునుకు తీస్తుంటే, తెలుగులో మెల్లిగా. ఈసారి మూడక్షరాలది తియ్యి అన్నాను.

అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అర్థమైందా అంటే, అర్థమైంది అంది.

మార్చి 29

కొత్త అట్ట కత్తిరించాను. గట్టిగా నొక్కి రాశాను. ఒకటి బాగా పడలేదనిపించి పారేసి మళ్లీ రాశాను. ఎవాంజెలిన్ తలుపు దగ్గర నిలబడి చూసి, "ఎంత శ్రద్ధగా రాస్తారక్కా" అంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఆరుగంటలకి అందరం ముందుగదిలో కూర్చున్నాం. ఎవాంజెలిన్ పొద్దుటి నుంచి ఉపవాసం, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కొత్త చీర కట్టుకుంది. ప్రెయిస్ రాలేదు. ఏడుకి మెసేజ్ పెట్టింది, ఎనిస్‌లో ఫ్రెండ్ ఇంట్లో ఉంటున్నాను, రేపొస్తాను అని. విడిగా నాకొకటి. 'ఐ'మ్ నాట్ డూయింగ్ ఇట్. యూ డూ ఇట్.'

"పోనీ నేను తీస్తాను" అంది ఎవాంజెలిన్.

"తనది తను తియ్యకూడదమ్మా" అన్నారు ఈయన.

"అయితే మీలో ఎవరైనా తియ్యండి."

"పిల్ల చెయ్యే తియ్యాలని పెట్టుకున్నాం. ఒక్కసారి నియమం తప్పితే ఇంక నియమమే ఉండదు. పదకొండున ఎలాగూ ఉంది కదా, ఆ రోజే తీద్దాం. తేదీలు మనుషులవి ఎవాంజెలిన్, దేవుడికి తేదీల్లేవు."

ఈయన మంచిమనిషి. ఆ మాట అన్నప్పుడు కూడా మంచిగానే అన్నారు. జెర్రీ లేచి, "పద" అని భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి విడిపించుకుని, డబ్బా మూత పెట్టి, షెల్ఫు మీద పెట్టి, అప్పుడు వెళ్లింది.

ఏప్రిల్ 5

చెప్పలేదు. షానన్ దాకా కారు నడిపి, విమానాశ్రయం చుట్టూ తిరిగి వచ్చాను. ఎవర్నీ తీసుకురావడానికి కాదు.

ఏప్రిల్ 6, ఆదివారం

చెప్పాను.

గుడికి వెళ్లకుండా నేనూ ఎవాంజెలినూ మధ్యాహ్నం వంటకి ఉండిపోయాం. ఆమె బియ్యం కడుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "చీటీలు ప్రెయిస్ వేలితో చదివి తీసింది" అని మధ్యలోంచి మొదలుపెట్టాను. అదంతా విని, "చిన్నపిల్ల, దానికేం తెలుసక్కా" అంది. అక్కడితో ఆపెయ్యొచ్చు. ఒక నిమిషం ఆగాను కూడా. ఆ నిమిషం కుక్కరు వైపు చూస్తూ గడిపాను.

తర్వాత సింకు దగ్గర మాట చెప్పాను. మార్చి రెండున అడుగుతానని చెప్పి మార్చి ఇరవై దాకా అడగలేదని చెప్పాను. "చూద్దాం అన్నారు" అన్నది నేను అల్లినదని చెప్పాను. నాలుగున అవును తియ్యమని పిల్లకి నేర్పానని చెప్పాను. భయం వేసింది అన్నాను. మా ఆయన మళ్లీ పడుకుంటారని భయం.

ఆమె బియ్యం నీళ్లు వంచుతూనే ఉంది. తెల్లటి నీళ్లు పోయి మామూలు నీళ్లొచ్చాయి, అవీ పోతున్నాయి.

"ఆగమన్నందుకు నేను మూడుసార్లు మోకాళ్ల మీద కూర్చున్నాను" అంది. "మీరు నా పక్కనే కూర్చున్నారు. మూడోసారి నా వీపు మీద చెయ్యి వేశారు."

అవునన్నాను.

"ఆ చెయ్యి వేసినప్పుడు మీకు తెలుసా?"

"పిల్ల చేసింది తెలీదు. నాకు కావలసిందేదో తెలుసు."

తిట్టలేదు. తిడితే బాగుండేది. గ్యాస్ కట్టేసి గదిలోకి వెళ్లింది. ఆ పూట ఎవరికీ అన్నం లేదు.

ఏప్రిల్ 7

ఈయనకి చెప్పాను. ఈయన అన్నిటికన్నా ముందు అడిగింది ఒకటే. "ఈ ఇల్లు తీసుకోమని వచ్చిన చీటీ?"

కుక్క సంగతి చెప్పాను.

చాలాసేపు కిటికీ దగ్గర నిలబడి మడులు చూశారు. హెల్గా చెప్పిన 1818 సంగతి కూడా అప్పుడే చెప్పేశాను, ఒకేసారి అయిపోతుందని. "ఆ పేజీ నేను చదివాను లీలా" అన్నారు. "మన వాళ్లకి చెప్పక్కర్లేదనుకున్నాను."

తర్వాత పడుకున్నారు. గోడ వైపు.

ఏప్రిల్ 8

జెర్రీ ఎవాంజెలిన్‌ని జీపీ దగ్గరకి తీసుకెళ్లాడు. నేను వస్తానన్నాను, ఫారాలవీ నాకు తెలుసు కదా అన్నాను. జెర్రీ నా వైపు చూడకుండా, "వద్దు వదినా" అన్నాడు. నర్సింగ్‌హోమ్‌లో ఆ రోజంతా ఫోన్ జేబులోనే పెట్టుకుని తిరిగాను. ఎవరూ చెయ్యలేదు. సాయంత్రం ఆంటీ చెప్పింది, డాక్టరమ్మ వాళ్ల ఎదుటే ఉత్తరం పంపిందట, ఎనిమిదో తారీకు వేసి. రెండు రోజులు మిగిలాయి.

ఆంటీ ఇంకో మాట కూడా అంది. "నేనూ వాగ్దాన కార్డులు కలిపి మంచివి చూసి తీసుకుంటానే. కానీ నావే తీసుకుంటాను."

ఏప్రిల్ 10

ఈయన లేచారు. రెండు రోజులే. స్నానం చేసి, డ్యూటీకి వెళ్లారు. నాలుగేళ్లుగా నేను కాపలా కాసింది ఈ రెండు రోజులకి. పాట మాత్రం పాడట్లేదు.

ప్రెయిస్ వెళ్లి ఎవాంజెలిన్ తలుపు కొట్టింది. లోపల అరగంట ఉంది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "దట్స్ మైన్, మమ్" అంది.

ఏప్రిల్ 11

చీటీ తియ్యలేదు. పుట్టినరోజు పాట కూడా పాడలేదు. వాళ్లిద్దరూ పెట్టెలు సర్దుకుంటుంటే ఒక ఇబ్బంది వచ్చింది. గరిటెలు, దుప్పట్లు, ప్రెషర్ కుక్కరు, ఏవి ఎవరివో ఎవరికీ గుర్తులేదు. ఎవాంజెలిన్ ఏదీ తీసుకోలేదు. బట్టలూ కాయితాలే సర్దుకుంది.

ఏప్రిల్ 27

లిమరిక్‌లో పడమటి వైపు ఒక గది దొరికిందట. వాళ్లు వెళ్లాక ఆరుగురి బల్ల దగ్గర నలుగురం కూర్చున్నాం. ఆంటీ మధ్యలో, నేను చివర. ఈయన ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేసి, "తినండి" అన్నారు.

మే 17

ఉండబట్టలేక వెళ్లాను. కుక్కరు, రెండు దుప్పట్లు, గోంగూర పచ్చడి సీసా పట్టుకెళ్లాను. ఎవాంజెలిన్ తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు. వెనక మంచం, స్టవ్వు, మేజా మీద ఆస్పత్రి కవరు కనపడ్డాయి.

క్షమించమని అడగడానికి రాలేదే, చూసి పోదామని వచ్చాను అన్నాను. అదీ అబద్ధమే. ఆమెకి తెలిసిపోయింది.

"క్షమించడం నా పని, అది నేను చేసుకుంటాలే అక్కా. మీరు దాని కోసం రాకండి" అంది. కుక్కరు తీసుకుంది. దుప్పట్లు తీసుకోలేదు. పచ్చడి సీసా చేతిలో తిప్పి చూసి, తీసుకుంది.

మెట్లు దిగుతుంటే పిలిచింది.

"అక్కా. బిడ్డ పుడితే మీకు చెప్పను. పుట్టకపోతే మాత్రం చెప్తాను. ఇంక లేదని డాక్టర్లు అన్న రోజు మొదటి ఫోన్ మీకే చేస్తాను."

కోపంగా అనలేదు. సంతలో బేరం తేల్చినట్టు అంది. సరేనన్నాను. ఇంకేమంటాను.

జూన్ 9

ఫోన్ రాలేదు.

జులై 2

డ్యూటీలో ఉండగా లిమరిక్ నంబరు ఒకటి మోగింది. మందుల ట్రే పక్కన పెట్టేసి వరండాలోకి పరిగెత్తాను. ప్రెయిస్ పళ్ల డాక్టరు ఆఫీసు, అపాయింట్‌మెంటు మార్చారట. థాంక్యూ, థాంక్యూ అని ఎన్నిసార్లు అన్నానో, ఆ అమ్మాయి నవ్వింది.

జులై 20

ఆస్పత్రిలో వరస రావడానికే నెలలు పడుతుందని నాకు తెలుసు. ఇంకా మొదలే పెట్టి ఉండరు. మొదలుపెడితే మూడుసార్ల దాకా చూడొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. ఆస్పత్రి వరసల సంగతి రోగుల చుట్టాలకి నేనే విడమర్చి చెప్తుంటాను.

ఆగస్టు 31

రాలేదు. ఈయన అడిగారు, ఎప్పుడు చూసినా ఫోన్ ఛార్జింగు పెడతావెందుకని.

అక్టోబరు 12

ఆదివారం. వాన. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చున్నాను. రాలేదు. దేవుడా, ఇవాళ కూడా రాలేదు. నీకు వందనాలు.